బొగ్గు మోటారులో నాలుగు నెలల తలనొప్పి

ఎల్లారెడ్డి అమీన్ సాబు ఏటా నా మోటారును తనిఖీ చేసేవాడు. ఠాణాకు పెద్ద కాబట్టి ఆయన సంతకం లేనిదే చక్రం కదలదు. ఆ తనిఖీ కాగితంలో హారన్‌కు ఒక గడి, బ్రేకుకు ఒక గడి, దీపాలకు ఒక గడి, ఎంతమందిని ఎక్కించుకోవచ్చో దానికి ఒక గడి ఉండేవి. డ్రైవరు తలకు మాత్రం గడి లేదు. ఉండి ఉంటే ఇది రాసే పని నాకు పడేది కాదు.

ఇప్పుడు నాకు బాగానే ఉంది. అన్నం సయిస్తున్నది, కంటినిండా నిద్ర పడుతున్నది. మొన్న కామారెడ్డి స్టేషను ముందర ఒక బెల్లం వ్యాపారితో గోనెల దగ్గర గట్టిగా పోట్లాడాను కూడా. అది చూసి నా భార్య లచ్చవ్వ, ఇగ నీకు పూర్తిగ తక్కువైనట్టే అని నవ్వింది. యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది. పెట్రోలు ఇంకా దొరకడం లేదు. నాలాగా బొగ్గుతో మోటార్లు నడిపేవాళ్లు తాలూకాకు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లలో ఒక్కడికైనా పనికొస్తుందని, కొంత నా మనసు కుదుటపడుతుందని రాస్తున్నాను.

నా పేరు రాజయ్య. నిజాంసాగర్ కట్ట కట్టే రోజుల్లో రాళ్ల లారీ మీద పనికి చేరి, అక్కడే స్టీరింగు పట్టడం నేర్చుకున్నాను. 1936లో బాపు ఇచ్చిన రెండెకరాల చెలక, లచ్చవ్వ మెడలోని వెండి కంటె అమ్మి ఒక పాత లారీ కొన్నాను. దాని మీద కట్టెతో బాడీ కట్టించి పద్నాలుగు సీట్ల మోటారు చేశాను. పొద్దున కామారెడ్డిలో రైలు దిగినవాళ్లను ఎక్కించుకుని లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి, మధ్యాహ్నం కచేరీ పనులు ముగించుకున్నవాళ్లతో మళ్లీ కామారెడ్డి. మోటారు కొనడం ఒక ఎత్తు, దాన్ని సాకడం ఒక ఎత్తు. టైరు, ట్యూబు, పన్ను, లైసెన్సు, ఇరుసుకు కొవ్వు, ఇంజనుకు నూనె. ఎద్దయితే పని లేనినాడు ఇంత గడ్డి వేస్తే ఊరుకుంటుంది, మోటారు నిలబడి ఉన్నా తింటూనే ఉంటుంది. అయినా ఆ ఊళ్లమీద మోటారు రాజయ్య అంటే ఒక పేరు. మీసం మెలేసుకుని తిరిగేవాణ్ని.

నాతో పాటు క్లీనరుగా కాశీం భాయ్ ఉండేవాడు. క్లీనరు అనగానే కుర్రవాడు అనుకునేరు, ఆయన నాకన్నా పదేళ్లు పెద్ద, మనవలు ఉన్నవాడు. వెనక మెట్టు మీద నిలబడి, చేతిలో ఒక అడ్డకట్టె పట్టుకుని వచ్చేవాడు. ఎత్తు మీద బండి వెనక్కి జారితే దూకి చక్రం కింద ఆ కట్టె పెట్టడం ఆయన పని. ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆయన కట్టె ఆలస్యం కాలేదు.

1941 శ్రావణం పోయాక పెట్రోలు కూపన్లు సగానికి పడిపోయాయి. వారానికి రెండు రోజులు కూడా బండి తిరగని గతి. మోటారు కట్టేసి మళ్లీ ఎవరి పొలంలోనో కూలికి పోవాలా అని నాకు దిగులు పట్టుకుంది. అప్పుడే హైదరాబాదులో మోటార్లకు బొగ్గు బట్టీలు బిగిస్తున్నారని తెలిసి బండి తీసుకుపోయాను. మనిషెత్తు ఇనుప పీపా. అందులో కట్టెబొగ్గు వేసి నిప్పు పెడితే వచ్చే గ్యాసు గొట్టం గుండా ఇంజనులోకి పోతుంది. బొగ్గు గాంధారి అడవుల నుంచి చవకగానే వచ్చేది. పొద్దున గంటసేపు పంకా తిప్పి నిప్పు రాజేస్తే గానీ బండి కదలదు, ఎత్తు వస్తే సగం మంది దిగి నెట్టాలి. అయినా కదులుతుంది కదా, అదే పదివేలు అనుకున్నాను.

బిగించే మిస్త్రీ పీపాను బండి తోకన పెడతానన్నాడు. నేను ఒప్పుకోలేదు. వెనక బెల్లం గోనెలకు జాగా కావాలి, గోనెల కిరాయి పోతే నాకేం మిగులుతుంది? నా సీటు వెనకనే, ఎడమ పక్కన, ఆడవాళ్ల బల్ల కొసకు పెట్టమన్నాను. వద్దని రెండుసార్లు చెప్పాడు మిస్త్రీ. బండి నీదా నాదా అని గద్దించాను. చివరికి నా మాటే నెగ్గింది, అక్కడే నా కొంప మునిగింది.

ఇక పర్దాల సంగతి. ఎల్లారెడ్డిలో శిస్తు లెక్కలు చూసే గిర్దావరు గారి తల్లిని అందరూ పెద్ద బేగం అనేవాళ్లు. కామారెడ్డిలో ఉన్న బిడ్డను చూడటానికి పది పదిహేను రోజులకొకసారి నా మోటారే ఎక్కేది. మొదటి నుంచీ ఆడవాళ్ల బల్ల చుట్టూ పలచని గుడ్డ కట్టేవాణ్ని. బట్టీ వచ్చాక ఆ గుడ్డ గాలికి ఎగిరి, బొగ్గు మసి ఆమె తెల్లని బట్టల మీద పడింది. ఆమె కోపం చేయలేదు. జర మంచి పర్దా కట్టియ్యి బేటా అని మాత్రం అంది. అంత పెద్ద మనిషి నన్ను బేటా అన్నదని నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. గుడారపు గుడ్డ రెండు పొరలు వేసి కుట్టించాను. అంచుకు తోలు పట్టీలు, పట్టీలకు ఇత్తడి బిళ్లలు. బయటి నుంచి బిగించి కడితే గుడ్డ కదలదు. మగవాళ్లు కూర్చునే వెనక భాగం ఎప్పటిలాగే తెరిచి ఉండేది. ముందు నా సీటు, నా వెనక ఆడవాళ్ల బల్ల, దాని కొసకు బొగ్గు పీపా, ఇదంతా ఆ గుడ్డతో ఒక చీకటి గది అయింది. నాకూ వాళ్లకూ మధ్య ఒక సన్నని తెర. ఈగ కూడా దూరదు అని అందరికీ చూపించి చెప్పుకున్నాను.

ఆ పర్దాలతో నా మోటారుకు ఇంకా పేరొచ్చింది. అంతకుముందు మోటారు ఎక్కని ఇండ్ల ఆడవాళ్లు కూడా ఎక్కసాగారు. ఎక్కినవాళ్లలో సగం మంది లింగంపేట వచ్చేసరికి కక్కుకునేవాళ్లు. తల పట్టుకుని ఒకరి మీద ఒకరు ఒరిగేవాళ్లు. ఆడోళ్లకు మోటారు పడదు అని నేను, వెనకున్న మగవాళ్లు కలిసి తీర్మానం చేశాం. సీటు కింద డబ్బాలో నిమ్మకాయలు, చింతపండు పెట్టుకుని, ఎవరన్నా మూలిగితే తెర కింద నుంచి ఒక కాయ అందించేవాణ్ని. పెద్ద ఉపకారం చేస్తున్నట్టు నవ్వుకునేవాణ్ని కూడా. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

దసరా నాటికి నాకూ తలనొప్పి మొదలైంది. మొదట ఎల్లారెడ్డి చేరేసరికి కణతల దగ్గర కొంచెం బరువుగా ఉండేది. మార్గశిరంలో అది తాడు వేసి బిగించినట్టు అయింది. పుష్యంలో చలికి నా పక్కనున్న పర్దా కూడా దించి కట్టుకునేసరికి, బండి దిగితే మోకాళ్లలో బలం ఉండేది కాదు. గుండె దడదడలాడేది. కళ్లు బైర్లు కమ్మేవి. తింటే వాంతి, తినకుంటే నీరసం. ఇంట్లో చీటికి మాటికి విసుక్కునేవాణ్ని. ఒకనాడు కూరలో ఉప్పు లేదని పళ్లెం విసిరేశాను. లచ్చవ్వ వంగి మెతుకులు ఎత్తింది.

ఆమె చేయని వైద్యం లేదు. దిష్టి తీసింది, శొంఠి పట్టు వేసింది, నువ్వుల నూనె మర్దన చేసింది. హకీం సాబు దగ్గరి నుంచి ఏదో షర్బతు తెచ్చి తాగించింది. శుక్రవారం కచేరీలకు సెలవు కాబట్టి ఆ రోజు నేను బండి తీసేవాణ్ని కాదు. చిత్రంగా శుక్రవారం సాయంత్రానికి నా తల తేలికపడేది. లచ్చవ్వ అది తన శుక్రవారం దీపం మహిమ అనుకుంది. అయితే రోజూ పెడతానని వారమంతా దీపం పెట్టింది. శనివారం మళ్లీ తల పగిలిపోయింది. దీపంలో నూనె తక్కువ పోశానేమోనని ఆమె బాధపడింది.

బొగ్గు మీద నాకు అనుమానం రాలేదా అంటే, వచ్చింది. కానీ రోజూ గంటసేపు నిప్పు ఊదేవాడు, పీపా మూత తీసి బొగ్గు పోసేవాడు కాశీం భాయ్. బొగ్గుతో జబ్బు వస్తే ముందు ఆయనకు రావాలి. ఆయనేమో గుండ్రాయిలా ఉన్నాడు. దాంతో ఆ అనుమానం అక్కడే కొట్టేసుకున్నాను.

సంక్రాంతి పోయిన వారం కామారెడ్డి దవాఖానాకు పోయాను. వరండాలో గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చున్నాను. చలికి వణుకుతుంటే గాంధారి పక్క తండా నుంచి వచ్చిన ఒక ముసలమ్మ తన జొన్నరొట్టెలో సగం తుంచి నా చేతిలో పెట్టింది. ఏం పని చేస్తవు కొడుకా అని అడిగింది. సేద్యం అన్నాను. ఆమె నా చేతుల వైపు చూసింది. గోళ్ల సందుల్లో ఇంజను నూనె నల్లగా పట్టి ఉంది. మీ కాడ భూములు గింత నల్లగుంటయా అని నవ్వి ఊరుకుంది. నాకు ముఖం చెల్లలేదు, అయినా నిజం చెప్పలేదు.

లోపల డాక్టరు కూడా అదే అడిగాడు. నేను అదే అబద్ధం చెప్పాను. తల తిరిగే మనిషి మోటారు నడుపుతున్నాడని ఆయన ఒక్క ముక్క రాస్తే, అమీన్ సాబు లైసెన్సు లాక్కుంటాడు. లైసెన్సు పోతే మోటారు ఇనుప ముక్క. చెలక పోయింది, కంటె పోయింది, ఇదొక్కటే మిగిలింది. తల నొప్పి ఉంటే ఉంది, బండి తిరగాలి అనుకున్నాను. నా వెనక కూర్చున్నవాళ్ల ప్రాణాలు కూడా ఆ లెక్కలో ఉన్నాయని తోచలేదు. డాక్టరు చలిజ్వరం ముదిరిందేమోనని క్వినైను ఇచ్చాడు. దానితో తలనొప్పికి తోడు చెవుల్లో హోరు కూడా వచ్చింది.

మాఘం మొదట్లో ఒక పొద్దున. మంచు పొగలా కమ్ముకుని ఉంది. కామారెడ్డి నుంచి బయలుదేరాం. ముందు బల్ల మీద పెద్ద బేగం, ఇంకా నలుగురు ఆడవాళ్లు. వెనక మగవాళ్లు ఎనిమిది మంది, గోనెలు. చలి కదా అని కాశీం భాయ్ పర్దాల పట్టీలన్నీ బిగించి కట్టాడు. సగం దూరం పోయేసరికి లోపల ఆడవాళ్లు మూలగడం మొదలైంది. నిమ్మకాయ అందిద్దామని చెయ్యి వెనక్కి చాపబోయాను, చెయ్యి లేవలేదు. సరేలే అనుకున్నాను.

లింగంపేటకు ఇటువైపు వాగు మీద ఒక కల్వర్టు ఉంది. పక్కన పిట్టగోడ ఉండదు, ఒక్క బండి పట్టే వెడల్పు. నాకు ఆ పొద్దున రెండు కల్వర్టులు కనిపించాయి. ఒకటి నిజమని, ఒకటి కాదని తెలుస్తూనే ఉంది. ఏది నిజమో తెలియలేదు. భయం కూడా వేయలేదు, అదే ఇప్పుడు తలచుకుంటే వణుకు పుట్టిస్తుంది. తీరిగ్గా, నిద్రలో ఉన్నట్టు, ఎడమ వైపు దానిని ఎంచుకున్నాను.

ముందు ఎడమ చక్రం గాలిలోకి దిగింది. బండి ఒక్క కుదుపుతో వాగు వైపు ఒరిగింది. ఇంజను ఆగింది. కాశీం భాయ్ దూకి కుడి వెనక చక్రం కింద అడ్డకట్టె పెట్టి, భుజం ఆనించి నిలబడ్డాడు. మగవాళ్లు వెనక నుంచి దూకి బండిని పట్టుకున్నారు. ఆడవాళ్లు మాత్రం దిగలేకపోయారు. నేను అంత గొప్పగా కుట్టించిన పర్దాల పట్టీలు బయటి వైపే ఉన్నాయి, లోపలి నుంచి విప్పుకునే దారి లేదు. బయట ఉన్నవాళ్లంతా మగవాళ్లు. పర్దా మీద చెయ్యి వేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. బండి చిన్నగా కిర్రుమంటున్నది.

లోపల నుంచి పెద్ద బేగం గొంతు వచ్చింది. "కాశీం, పట్టీలు విప్పు. మా పర్దా సంగతి అల్లా చూసుకుంటడు."

కాశీం భాయ్ తన జాగాలో ఇద్దరిని నిలబెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని, తడుముకుంటూ ఒక్కొక్క పట్టీ విప్పాడు. మగవాళ్లంతా అటు తిరిగి నిలబడ్డారు. ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని దిగి, గట్టు మీద కూలబడి కక్కుకున్నారు. నన్ను ఎవరో రెక్క పట్టి దించారు. నేను రోడ్డు మీద వెల్లకిలా పడిపోయాను.

ఎంతసేపు పడుకున్నానో తెలియదు. మంచు గాలి ముఖానికి తగులుతుంటే, కాసేపటికి తల కొద్దికొద్దిగా తేలిక కాసాగింది. అప్పుడు వచ్చింది భయం. పైప్రాణాలు పైనే పోయినట్టు అయింది. పాకుతూ పోయి పెద్ద బేగం కూర్చున్న చోటికి ఇవతలే నేల మీద తల పెట్టాను. కొడుకు గిర్దావరు, ఒక్క మాట చెబితే నా పని సరి. నాకు నాలుగు నెలల నుంచి తల తిరుగుతున్నదని, దాచిపెట్టానని నోరు విప్పి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

ఆమె బురఖా లోపల నుంచి నెమ్మదిగా మాట్లాడింది. "నాకు గూడ నాలుగు నెలల సందే నొస్తున్నది. నేను యాభై ఏండ్ల సంది పర్దాలనే ఉన్న బేటా. ఇంట్ల పర్దాల ఏనాడు తల నొయ్యలె. నీ మోటారు పర్దాలనే నొస్తది. దిగి గాలి పీలిస్తె తక్కువైతది."

"మరి కాశీం భాయ్ దినాం బొగ్గు ఊదుతడు గదమ్మా. ఆయనకేం గాలె," అన్నాను.

"ఆయన బయట నిలవడతడు," అంది ఆమె.

బొగ్గు పీపా వైపు తిరిగి చూశాను. ఆరేళ్లుగా మోటారు నడుపుతున్న నాకు తోచని సంగతి, ఒక్కనాడూ రోడ్డు కూడా చూడకుండా ప్రయాణం చేసిన ఆ ముసలామెకు తోచింది. లింగంపేట రైతు ఒకాయన రెండు జతల ఎద్దులు తెచ్చి బండిని వెనక్కి లాగాడు. పైసా తీసుకోలేదు. ఆడవాళ్లను ఆయన బండ్లలోనే ఎల్లారెడ్డికి పంపించాడు.

ఇంటికి వచ్చాక లచ్చవ్వకు అంతా చెప్పాను, దవాఖానాలో ఆడిన అబద్ధంతో సహా. రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. వండింది, పెట్టింది, ముఖం చూడలేదు. మూడో రోజు పొద్దున చీర మార్చుకుని వాకిట్లో నిలబడి, నడువుమన్నట్టు చెయ్యి ఊపింది. దవాఖానా వరండాలో మళ్లీ అదే గోడకు ఆనుకుని కూర్చున్నాం. నాకు చలిగా ఉందేమోనని తన కొంగు నా భుజం మీద కప్పింది గానీ అప్పుడు కూడా మాట్లాడలేదు.

లోపలికి పోయాక నేను నోరు తెరవకముందే ఆమె డాక్టరుకు చెప్పింది. "సేద్యం గాదు సారూ, మోటారు నడుపుతడు. పొద్దందాక బొగ్గు పీప పక్కకు, గుడ్డలు కట్టుకోని కూసుంటడు. లైసెన్సు పోతదని మీకు అబద్ధం చెప్పిండు. లైసెన్సు పోతె పోనీ, నాకు మనిషి గావాలె."

ఆ చివరి మాటకు నేను ఏడ్చాను. డాక్టరు నా వైపు చూసి కలం పక్కన పెట్టాడు. బండి తీయని రోజు ఎట్లా ఉంటుందని అడిగాడు. శుక్రవారం బాగుంటది అని ఇద్దరం ఒక్కసారే అన్నాం. అంతే, ఆయనకు అర్థమైపోయింది. బొగ్గు మండితే వచ్చే గాలికి రంగు ఉండదు, వాసన ఉండదు, మూసిన చోట నిలిస్తే మనిషిని నిద్రపుచ్చినట్టు చంపుతుంది అని చెప్పాడు. ఇంకో నెల అట్లాగే నడిపి ఉంటే కల్వర్టు దాకా పోయే అవసరం కూడా ఉండేది కాదట. మందు ఏదని అడిగాను. బయటి గాలే మందు, నెల రోజులు స్టీరింగు ముట్టుకోవద్దు అన్నాడు. అమీన్ సాబుకు ఒక చీటీ రాసి నా చేతికే ఇచ్చాడు. బయటికి వస్తూ లచ్చవ్వ మూడు రోజుల తరువాత మొదటి మాట మాట్లాడింది. దీపం సంగతి ఎవరికీ చెప్పకు అంది.

చీటీ పట్టుకుని ఎద్దుబండి మీద ఎల్లారెడ్డి పోయాను. దారి పొడవునా ఆ చీటీని చించి పారేద్దామా అని చెయ్యి పోతూనే ఉంది. అమీన్ సాబు చదివి, తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. లైసెన్సు తీసుకుని సొరుగులో పెట్టాడు. అప్పుడు తెలిసింది, గిర్దావరు గారు నా మోటారును పూర్తిగా ఆపించాలని అప్పటికే వచ్చి పోయారట. తల్లి మళ్లీ మనిషిని పంపి, డ్రైవరు తానే వచ్చి చెబుతాడేమో ఒక వారం చూడండి అని చెప్పించిందట. నేను పోయింది ఆరో రోజు. ఆ చీటీ చించి ఉంటే నా గతి ఏమయ్యేదో ఇప్పటికీ అనుకుంటాను.

ఆ నెల రోజులు నేను చేసిన పని ఒక్కటే, వాకిట్లో మంచం వేసుకుని గాలి పీల్చడం. పోయేవాళ్లు వచ్చేవాళ్లు పలకరించేవాళ్లు. కొందరు నవ్వేవాళ్లు. నేను పోట్లాడే బెల్లం వ్యాపారి కూడా ఒక ముద్ద బెల్లం తెచ్చి మంచం మీద పెట్టి పోయాడు. పది రోజులకు చేతుల వణుకు పోయింది. అన్నం రుచి తెలిసింది. పళ్లెం విసిరిన రోజు సంగతి ఎత్తి లచ్చవ్వను క్షమించమన్నాను. ఏ పళ్లెం అంది. తలనొప్పి పూర్తిగా పోయాక కూడా ఆ కల్వర్టు మాత్రం పోలేదు. కళ్లు మూస్తే రెండుగా కనిపించేది. మళ్లీ స్టీరింగు పడితే దాని మీదికి ఆడవాళ్లను తీసుకుపోగలనా అన్నదే నాకున్న భయం. అది డాక్టరుకు చెప్పేది కాదు, ఎవరికీ చెప్పేది కాదు.

కాశీం భాయ్ కమ్మరి చేత పీపాను బండి తోకకు మార్పించాడు. బెల్లం గోనెలకు జాగా పోయింది, పోనీ అన్నాను. గుడారపు గుడ్డ పీకేశాం. మరి ఆడవాళ్లకు మరుగు ఎట్లా అని నేను తల పట్టుకుంటే లచ్చవ్వ మేదరి ఇంటికి పోయి సన్నని వెదురు బద్దలతో తడకలు అల్లించుకొచ్చింది. పైన తాడు లాగితే లోపలి నుంచే లేస్తాయి. బయటివాళ్లకు లోపల ఏమీ కనిపించదు. లోపలివాళ్లకు బయట కనిపిస్తుంది, గాలి ఆడుతుంది. ఇంత చిన్న సంగతి నాకెందుకు తోచలేదని అడిగితే, నువ్వెన్నడన్న ఆ బల్ల మీద కూసున్నవా అంది.

ఫాల్గుణంలో లైసెన్సు తిరిగి చేతికి వచ్చింది. మొదటి రోజు ఆడవాళ్ల బల్ల మీద కూర్చున్నది లచ్చవ్వ ఒక్కతే. వద్దన్నా వినలేదు. "నా తల నొస్తె నేను చెప్త. పరాయి ఆడోళ్లు నీకు చెప్పరు, చెప్పినా నువ్వు నిమ్మకాయ ఇస్తవు," అంది. ఎనిమిది రోజులు పొద్దున పోయి మధ్యాహ్నం వచ్చింది. కల్వర్టు దగ్గర కాశీం భాయ్ దిగి కట్టె పట్టుకుని ముందు నడిచేవాడు, నేను ఆయన వీపు చూసుకుంటూ దాటించేవాణ్ని. ఎనిమిది రోజులూ చొక్కా చెమటతో తడిసిపోయింది. ఎనిమిది రోజులూ ఆమె తల నొయ్యలేదు.

కాముని పున్నమికి ఒక రోజు ముందు, కామారెడ్డి స్టేషను ముందర పెద్ద బేగం వచ్చి నిలబడింది. మళ్లీ నా మోటారు ఎక్కుతుందని నేను అనుకోలేదు. కొడుకు వద్దన్నాడని, అయినా వచ్చానని చెప్పి లచ్చవ్వ పక్కన కూర్చుంది. బండి కదిలింది. దారిలో ఒక్క మూలుగు వినపడలేదు. కల్వర్టు కనపడగానే నా కాలు దానంతట అదే బ్రేకు మీద పడింది. బండి ఆగిపోయింది. స్టీరింగు వదిలి చేతులు చొక్కాకు తుడుచుకున్నాను. కల్వర్టు ఒక్కటే ఉంది, స్పష్టంగానే ఉంది, నేనే ముందుకు పోలేకపోయాను.

అమ్మా తల నొస్తున్నదా అని తెర ఇవతల నుంచి అడిగాను. జవాబు రాలేదు. తెర వైపు చెవి ఒగ్గాను. మళ్లీ అడిగాను.

"లేదు బేటా, బయటికి చూస్తున్న," అంది పెద్ద బేగం. "ఎడ్లబండ్ల కాలం సంది గీ తొవ్వల పోతున్న. గిక్కడి వాగు గిట్లుంటదని, గీ మోదుగుచెట్లు గిట్ల పూస్తయని నాకు ఎర్కనే లేదు. ఆ నాడు మంచుల ఏం కానరాలె. జరసేపు గిట్లనే ఉండనీయ్."

బండిని అట్లాగే నిలబెట్టి ఉంచాను. వాగు పొడవునా మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి. రోజుకు రెండుసార్లు పోయేవాణ్ని, నేను కూడా సరిగ్గా చూసింది అప్పుడే. వెనక తడక కొంచెం పైకి లేచిన చప్పుడైంది. వద్దనుకుని నేను తల తిప్పలేదు. ఆమె చూసినంతసేపు చూసి, ఇగ పోనీయ్ అంది. ఆ మాటతో నా కాలు బ్రేకు మీది నుంచి ఎట్లా లేచిందో నాకే తెలియదు. కల్వర్టు దాటించాను.

ఇప్పటికీ రోజూ అక్కడ బండి ఆపుతాను. వెనకున్న మగవాళ్లు, బిచ్కుంద నుంచి వచ్చే వ్యాపారులైతే కన్నడంలో కూడా, ఎందుకాపావని విసుక్కుంటారు. వాళ్లకు జవాబు చెప్పను. ముందు బల్ల వైపు తల వంచి, తల నొస్తున్నదా అమ్మా అని అడుగుతాను. లేదని వినపడ్డాకనే గేరు వేస్తాను.